ఫాస్‌డెమ్ కోసం బ్రస్సెల్స్ వెళ్తున్నాను, అదనంగా దొరికిన మూడు రోజులు ముందు పెట్టుకోవాలా, తర్వాతా?

ఒత్తులబండి:

అందరికీ నమస్కారం. బ్రస్సెల్స్‌లో జరిగే ఫాస్‌డెమ్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ కాన్ఫరెన్స్‌లో నా టాక్ ఓకే అయింది! తెలుగు అక్షరాలు తెర మీద ఎలా కూడుకుంటాయి, హార్ఫ్‌బజ్ లాంటి షేపింగ్ ఇంజిన్ (అక్షరాలని సరైన రూపంలో పేర్చే సాఫ్ట్‌వేర్) లోపల గుణింతాలూ ఒత్తులూ ఏ వరుసలో సర్దుకుంటాయి అన్నది విషయం. 2018లో జ్ఞా అక్షరంతో ఒక మెసేజ్ వస్తే చాలు ఐఫోన్లలో యాప్‌లు క్రాష్ అయ్యాయి కదా, అక్కడి నుంచే మొదలుపెడదామనుకుంటున్నాను. ఆదివారం మధ్యాహ్నం స్లాట్, 20 నిమిషాలు.

అడగాలనుకున్నది టాక్ గురించి కాదు. పోయినేడాది ఇంకో దేశంలో ఒక కాన్ఫరెన్స్‌కి వెళ్లాను, మూడు రోజులున్నాను, కానీ చూసిందల్లా ఎయిర్‌పోర్టు, హోటల్, హాలు, మళ్లీ ఎయిర్‌పోర్టు. ఇంటికొచ్చాక అమ్మ "ఊరు ఎలా ఉందిరా" అని అడిగితే చెప్పడానికి ఒక్క మాట లేదు. అది ఇప్పటికీ మనసులో ఉండిపోయింది. ఈసారి మూడు రోజులు సెలవు అడిగి తీసుకున్నాను. శుక్రవారం దిగి, శని ఆదివారాలు కాన్ఫరెన్స్ అయ్యాక సోమ, మంగళ, బుధ తిరుగుదామని లెక్క వేసుకున్నాను. అన్నీ చుట్టేసి ఫొటోలు దిగి రావాలని లేదు, మన పనితో ఎక్కడో ఒకచోట ముడిపడిన చోట్లు ఒకటి రెండు నిదానంగా చూస్తే చాలు. వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా చెప్పండి.

రైలుపక్షి:

ముందుగా అభినందనలు. నేను నాలుగుసార్లు వెళ్లాను కాబట్టి ఒక్క విషయం గట్టిగా చెప్తాను: తిరగడం ముందు పెట్టుకోండి, తర్వాత వద్దు. ఫాస్‌డెమ్ శని ఆదివారాల్లో జరుగుతుంది, మర్నాడు సోమవారం, ఆ రోజు బెల్జియంలో చాలా మ్యూజియాలు మూసేస్తారు. నేను మొదటిసారి సరిగ్గా మీలాగే ప్లాన్ వేసుకుని, సోమవారం పొద్దున్నే వానలో ఆంట్‌వెర్ప్ దాకా వెళ్లి మూసిన తలుపు చూసి వచ్చాను. అందుకే బుధవారం రాత్రికి చేరిపోయి, గురు శుక్రవారాలు మ్యూజియాలకి, సోమవారం తలుపులు లేనివాటికి ఉంచుకుంటే మూడు రోజులూ దక్కుతాయి.

మీ టాక్ విషయం చూశాక ఇక ఆగలేకపోతున్నాను, మీరు వెళ్లాల్సింది ప్లాంటిన్-మోరెటస్ మ్యూజియం. అది ఆంట్‌వెర్ప్‌లో ఉంది, బ్రస్సెల్స్ నుంచి రైల్లో ముప్పావు గంట. క్రిస్టోఫ్ ప్లాంటిన్ అనే ఆయన 1555లో అచ్చుపని మొదలుపెడితే, ఆయన తర్వాత అల్లుడి వంశం దాదాపు మూడు వందల ఏళ్లు అదే పని నడిపింది. 1876లో ఆ ఇల్లు, యంత్రాలు, కాగితాలు అన్నీ కలిపి నగరానికి అమ్మేశారు, మరుసటి ఏడే మ్యూజియంగా తెరిచారు. 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. 1600 ప్రాంతపు అచ్చు యంత్రాలు రెండున్నాయి, ప్రపంచంలో మిగిలినవాటిలో అవే అన్నిటికంటే పాతవి. ఫాంట్ మెనూలో గారమండ్ అని రోజూ చూస్తాం కదా, ఆ క్లాడ్ గారమండ్ స్వయంగా ఉక్కు మీద చెక్కిన పంచ్‌లు అక్కడున్నాయి. పంచ్‌తో రాగి మీద కొడితే గుంట పడుతుంది, ఆ గుంటలో సీసం పోస్తే అక్షరం వస్తుంది. గ్లిఫ్ (అక్షరం ఆకారం), ఫాంట్ ఫైల్, తెర మీద రెండర్ అయిన అక్షరం అని మనం విడగొట్టుకున్న మెట్లన్నీ అక్కడ చేత్తో పట్టుకునే వస్తువులుగా కనబడతాయి.

ప్లాంటిన్ 1568లో హీబ్రూ, గ్రీకు, అరమాయిక్, సిరియాక్, లాటిన్ అయిదు భాషల బైబిల్ అచ్చు మొదలుపెట్టాడు, 8 సంపుటాలు. ఎడమ నుంచి కుడికి వెళ్లే లిపీ, కుడి నుంచి ఎడమకి వచ్చే లిపీ ఒకే పేజీలో, అదీ చేత్తో పేర్చి! ఆ పేజీ ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను. తెలుగు కంపోజింగ్ కేసుకి (అచ్చు అక్షరాలు ఉంచే అరల పెట్టెకి) ఇంగ్లీషు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ అరలు ఎందుకు కావాల్సి వచ్చేవో ఆలోచిస్తూ చూడండి, ఇంకా బాగుంటుంది.

ప్రూఫులు దిద్దేవాళ్ల గది ఒకటుంది, దాన్ని వదలకండి. అంతకంటే చెప్పను.

నైట్‌బిల్డ్:

ముందే తిరగడం అందరికీ పడదండీ. టాక్ అయ్యేదాకా నాకైతే ఏదీ ఎక్కదు, ఎదురుగా ఏమున్నా స్లైడ్లే కనిపిస్తాయి. నాలాంటివాళ్లు మంగళ బుధవారాలకి మ్యూజియాలు పెట్టుకుని సోమవారం నిద్రపోవడమే మంచిది. మీ తీరు ఏదో మీరే చూసుకోండి.

కాన్ఫరెన్స్ గురించి నాలుగు మాటలు, ఎందుకంటే మొదటిసారి వెళ్లేవాళ్లు అక్కడే తడబడతారు. రిజిస్ట్రేషన్ లేదు, టికెట్ లేదు, ఎవరైనా నడిచి లోపలికి వెళ్లిపోవచ్చు. బ్రస్సెల్స్ స్వేచ్ఛా విశ్వవిద్యాలయం (యూఎల్‌బీ) సోల్‌బోష్ క్యాంపస్‌లో జరుగుతుంది, వేల మంది వస్తారు. పెద్ద హాలు జాన్సన్‌లో వెయ్యి మందికి పైగా పడతారు గానీ డెవ్‌రూములు (ఒక్కో విషయానికి కేటాయించిన గదులు) చిన్నవి, నిండితే తలుపు మీద ఫుల్ అని బోర్డు పెట్టేస్తారు, ఇక ఎవరినీ రానివ్వరు. నిప్పు ప్రమాదం వస్తే ఏంటన్నది వాళ్ల భయం, అది సబబే. కాబట్టి ఒక గది నుంచి ఇంకో గదికి పరుగెత్తే ప్లాన్ వద్దు. టాకులన్నీ లైవ్ వస్తాయి, రికార్డింగులు తర్వాత పెడతారు. అక్కడ మీ సమయం వసారాల్లో, స్టాళ్ల దగ్గర మనుషులతో గడపండి, అది వీడియోలో దొరకదు. 2021, 2022లో ఆన్‌లైన్‌లోనే జరిపారు. ఆ రెండేళ్లూ నేను చూశాను, టాకులు బాగానే ఉన్నాయి కానీ నాకు ఒక్క కొత్త పరిచయం కూడా కాలేదు.

డెమో ఉంటే వైఫై మీద ఆధారపడకండి. ఫాస్‌డెమ్ అనే నెట్‌వర్క్ ఐపీవీ6 (ఇంటర్నెట్ అడ్రసుల కొత్త పద్ధతి) మాత్రమే, పాతదైన ఐపీవీ4 కూడా కావాలంటే ఫాస్‌డెమ్-ఏన్షెంట్ అనే రెండో నెట్‌వర్క్ పట్టుకోవాలి. పాత పద్ధతికి పురాతనం అని పేరు పెట్టి అందరినీ కొత్తదానివైపు తోస్తున్నారు, నాకది చాలా నచ్చుతుంది.

ఇంకో మాట. మన పనికి ముడిపడిన చోటు అన్నారు కాబట్టి, బ్రస్సెల్స్ నుంచి లండన్‌కి రైల్లో రెండు గంటలే. అక్కడి నుంచి బ్లెచ్లీ పార్క్ వెళ్లిరావచ్చు, రెండో ప్రపంచ యుద్ధంలో ట్యూరింగ్ వాళ్లు సంకేతాలు విప్పిన చోటు, పక్కనే ఉన్న కంప్యూటింగ్ మ్యూజియంలో ఆ యుద్ధకాలపు సంకేతాలు విప్పే కంప్యూటర్ కొలోసస్‌ని తిరిగి కట్టి పెట్టారు కూడా.

సాదాచీటీ:

@నైట్‌బిల్డ్ లండన్ సలహా ప్రమాదం అండీ, భారత పాస్‌పోర్టు అయితే షెంగెన్ వీసా (బెల్జియంతో సహా చాలా యూరప్ దేశాలకి ఒకటే వీసా) మీద యూకేలోకి వెళ్లలేరు, దానికి వేరే వీసా కావాలి. మూడు రోజుల కోసం రెండో వీసా పని పెట్టుకుంటే ఉన్న ఆనందం కాస్తా పోతుంది.

ఒత్తులబండి గారూ, వీసా ఇంకా వేయకపోతే ఆలస్యం చేయకండి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి వేయొచ్చు, కనీసం 15 రోజుల ముందైనా వేసి తీరాలి, మామూలుగా 15 రోజుల్లో తేలుస్తారు గానీ అవసరమైతే 45 రోజుల దాకా పట్టొచ్చు. టాక్ ఓకే అయ్యాక ఫిబ్రవరికి పెద్దగా టైం ఉండదు, మధ్యలో క్రిస్మస్ సెలవులు కూడా. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి, అదీ తిరిగే రోజులన్నీ కలిపి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు: కంపెనీ లెటర్‌లో కాన్ఫరెన్స్ తేదీలు మాత్రమే ఉంటాయి, హోటల్ బుకింగ్ మాత్రం అంతకంటే ఎక్కువ రోజులు చూపిస్తుంది. సెలవు రోజులు కూడా లెటర్‌లో రాయించుకోండి, ఆ రోజుల ఖర్చు మీదేనని కూడా. కాన్ఫరెన్స్‌కి టికెట్ ఉండదు కాబట్టి మీ పేరున్న షెడ్యూల్ పేజీ ప్రింటు జతచేయండి.

ఇక చూడాల్సిన చోటు. నా ఓటు మోన్స్ ఊళ్లోని ముండానియమ్ అనే మ్యూజియానికి. పాల్ ఓట్లే, ఆన్రి లా ఫోంతేన్ అని ఇద్దరు 1895లో ప్రపంచంలో అచ్చయిన ప్రతిదానికీ ఒక కార్డు రాసి పెట్టాలని కూర్చున్నారు. కోటీ ఇరవై లక్షల కార్డులు పోగయ్యాయి. ఎవరైనా ఉత్తరం రాసి ఒక విషయం అడిగితే, సొరుగుల్లో వెతికి దానికి సంబంధించిన కార్డుల నకళ్లు పంపేవాళ్లు. పోస్టులో నడిచిన సెర్చ్ ఇంజిన్ అన్నమాట! పుస్తకాలని విషయాన్ని బట్టి అంకెలతో విభజించే డ్యూయీ దశాంశ పద్ధతిని పెంచి వీళ్లు తయారుచేసిన సార్వత్రిక దశాంశ వర్గీకరణని లైబ్రరీలు ఇప్పటికీ వాడుతున్నాయి. అందులో కోలన్ గుర్తుతో రెండు విషయాలని కలిపి ఒకే కోడ్‌గా రాయొచ్చు, డేటాబేస్‌లు కట్టేవాళ్లకి ఆ ఆలోచన వెంటనే అర్థమవుతుంది. లా ఫోంతేన్‌కి 1913లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఓట్లే గతి మాత్రం వేరు. 1934లో ప్రభుత్వం చోటు మూసేసింది, 1940లో వచ్చిన జర్మన్లు అక్కడ తమ కళా ప్రదర్శన పెట్టడానికి చాలా సరుకు నాశనం చేశారు, ఆయన 1944లో చనిపోయాడు. మిగిలినదాన్ని జాగ్రత్త చేసి 1998లో మోన్స్‌లో తెరిచారు. ఆ చెక్క సొరుగుల గోడ ముందు నిలబడితే నాకు గొంతు పట్టేసింది, ఉన్నమాటే చెప్తున్నాను. తెరిచే వేళలు తక్కువ, బయలుదేరే ముందు చూసుకోండి.

రైలు బోర్డు మీద మోన్స్ అని లేకపోతే కంగారు పడకండి. డచ్‌లో అదే ఊరిని బెర్గెన్ అంటారు. రెండూ కొండ అన్న అర్థంలోంచి వచ్చినవే. ఇది తెలియక నేను ఎక్కాల్సిన రైలు నా కళ్ల ముందే వెళ్లిపోయింది.

ఒత్తులబండి:

ఇంత రాస్తారని అనుకోలేదు, అందరికీ థాంక్స్. సోమవారం సంగతి నాకు అసలు తట్టలేదు. గురువారం ఆంట్‌వెర్ప్, శుక్రవారం మోన్స్ ఖాయం చేసేశాను, లెటర్ కూడా మార్పించుకున్నాను. సోమవారం రాత్రి ఫ్లైటు, పగలంతా ఖాళీ. ఏం చేయొచ్చు?

రైలుపక్షి:

పొద్దున అటోమియమ్, అది రోజూ తెరిచే ఉంటుంది. 1958 ప్రపంచ ప్రదర్శన కోసం కట్టారు, 102 మీటర్ల ఎత్తు, ఇనుము స్ఫటికాన్ని 16,500 కోట్ల రెట్లు పెంచిన ఆకారం. కానీ రెండు రోజులు జనం మధ్య ఉండి వస్తారు కాబట్టి నా మాట వింటే అడవికి వెళ్లండి. మాంట్‌గోమెరీ స్టేషన్లో 44 నంబర్ ట్రామ్ ఎక్కితే తెర్వురెన్ దాకా సోనియన్ అడవి మధ్యలోంచి పోతుంది. బీచ్ చెట్లు, నిటారుగా, స్తంభాల్లా ఉంటాయి. ఫిబ్రవరిలో ఆకు ఉండదు, అయినా బాగుంటుంది. ఎనిమిదింపావు దాటితే గానీ తెల్లారదు, అయిదున్నరకల్లా పొద్దు వాలుతుంది, అది లెక్కలో పెట్టుకోండి. వానకి తట్టుకునే బూట్లు తప్పనిసరి.

ఒత్తులబండి:

వచ్చేశాను. మీ సలహాలతో వెళ్లాను కాబట్టి ఏమైందో రాస్తున్నాను.

గురువారం పొద్దున పదిన్నరకి ప్లాంటిన్-మోరెటస్‌లోకి వెళ్లి మూసేదాకా బయటికి రాలేదు. ప్రూఫులు దిద్దే గది గురించి ఎందుకు చెప్పలేదో లోపలికి వెళ్లాక అర్థమైంది రైలుపక్షి గారూ. కిటికీ పక్కన ఓక్ బల్ల, నాలుగు వందల ఏళ్ల కిందట దాని ముందు కూర్చుని, పక్క గదిలో పేర్చిన పేజీల్లో ఒక్కో అక్షరం తప్పు పట్టినవాళ్లు. ఆ రోజు రాత్రి హోటల్‌కి వచ్చి టాక్ మొదటి స్లైడ్ తీసేశాను. క్రాష్ కథతో కాకుండా ఆ గదితో మొదలుపెట్టాను, జ్ఞా రెండో స్లైడ్‌కి వెళ్లింది. నైట్‌బిల్డ్ గారూ, నాక్కూడా టెన్షన్ ఉంటుందనే అనుకున్నాను, కానీ రెండు రోజులు వేరే లోకంలో తిరిగి రావడం వల్లేమో ఆదివారం చెయ్యి వణకలేదు.

మోన్స్‌లో సొరుగులు చూశాను. మధ్యలో పెద్ద గోళం, చుట్టూ అరలు. కాసేపటి వరకు లోపల నేనొక్కడినే. వెళ్లేటప్పుడు బోర్డు మీద బెర్గెన్ అనే కనిపించింది, సాదాచీటీ గారి పుణ్యమా అని ఎక్కగలిగాను.

శనివారం నేను చూడాలనుకున్న టాకుల్లో మూడింటికి ఫుల్ బోర్డే ఎదురైంది. సోమవారం అడవిలో నాలుగు గంటలు నడిచాను, వాన పడుతూనే ఉంది, ఎవరితోనూ మాట్లాడలేదు, హాయిగా ఉంది. అటోమియమ్ ఈసారికి వదిలేశాను.

అన్నిటికంటే మంచిది టాక్ అయ్యాక జరిగింది. ఖ్మేర్ (కంబోడియా) లిపి మీద పనిచేసే ఒకతను వసారాలో ఆపి, వాళ్ల లిపిలోనూ అక్షరం కింద అక్షరం చేరుతుందని, నేను చూపించిన తప్పే వాళ్లకీ వస్తోందని లాప్‌టాప్ తెరిచి చూపించాడు. గంటన్నర నిలబడే మాట్లాడుకున్నాం. ఇప్పుడు ఇద్దరం కలిసి ఒక ప్యాచ్ (ఆ తప్పుని సరిచేసే కోడ్) రాస్తున్నాం, దానికి టెస్ట్ కేసులు కావాలి. ఒకే అక్షరానికి రెండు మూడు ఒత్తులు పడే తెలుగు మాటలు, మీ ఫోన్లోనో బ్రౌజర్లోనో విరిగిపోయి కనిపించేవి ఉంటే స్క్రీన్‌షాట్‌తో పాటు ఇక్కడే పెట్టండి. వార్తాస్త్ర్యం లాంటి ఊహించిన మాటలు వద్దు, నిజంగా ఎవరో ఒకరు రాసినవైతేనే పనికొస్తాయి.