దేవతల అమరత్వమూ జీవుడి అమృతత్వమూ ఒకటేనా?

రావిగట్టు:
మా నాన్నగారి పన్నెండో రోజున సపిండీకరణం, అంటే పోయినవారిని పితృదేవతలతో కలిపే కర్మ, చేస్తూ, పొడవుగా చేసిన ప్రేతపిండాన్ని దర్భలతో మూడు భాగాలు చేసి, తాతగారి పిండంలోనూ, ముత్తాతగారి పిండంలోనూ, ఆయన తండ్రిగారి పిండంలోనూ కలిపాను. ఆనాటి నుంచి తర్పణంలో నాన్నగారిని వసురూపులనీ, తాతగారిని రుద్రరూపులనీ, ముత్తాతగారిని ఆదిత్యరూపులనీ చెప్పి నువ్వుల నీళ్లు వదులుతున్నాను. ఆత్మకు ఎలాగూ చావు లేదని గీత చెబుతున్నప్పుడు, దేవతారూపం వల్ల దానికి కొత్తగా ఒరిగేదేమిటి? దేవతలూ అమరులే, జీవుడూ అమరుడే అయితే ఈ రెండు మాటలకూ అర్థం ఒకటేనా? తెలిసిన పెద్దలు వివరించవలసిందిగా కోరుతున్నాను.

తాటాకు:
ఒకటి కాదండి. సంస్కృత నిఘంటువైన అమరకోశం దేవతల పేర్లను ‘అమరాః’ అనే మాటతోనే మొదలుపెట్టినా, ఆ అమరత్వానికి గడువు ఉంది. ప్రళయం దాకా నిలిచి ఉండడాన్నే అమృతత్వం అంటారని విష్ణుపురాణం చెప్పింది. ఇంద్రత్వం ఒక పదవి. 71 మహాయుగాలు, అంటే సుమారు 30.67 కోట్ల సంవత్సరాలు గడిచి మన్వంతరం, అంటే ఒక మనువు ఏలే కాలం, మారితే ఇంద్రుడూ మారతాడు. వామనుడికి సర్వమూ ధారపోసిన బలిచక్రవర్తి రాబోయే సావర్ణి మన్వంతరంలో ఇంద్రుడవుతాడని భాగవతంలోనే ఉంది.

దీపస్తంభం:
తాటాకు గారి మాట ఒప్పుకుంటాను గానీ, గడువు లేకపోవడమే గొప్పతనమైతే చీమలోని జీవుడికీ అది ఉన్నదే, దానికోసం ఎవరూ తపస్సు చేయనక్కరలేదు. కఠోపనిషత్తులో యముడు ఏనుగులనూ, బంగారాన్నీ, కోరినన్నేళ్ల ఆయుష్షునూ ఇస్తానంటే, నచికేతుడు ఎంత బతుకైనా కొంచెమేనని తోసిపుచ్చాడు. అదే ఉపనిషత్తు చివర, హృదయాన్ని అంటిపెట్టుకున్న కోరికలన్నీ వీడినప్పుడు మర్త్యుడు అమృతుడవుతాడనీ, ‘అత్ర’, అంటే ఇక్కడే, బ్రహ్మాన్ని పొందుతాడనీ ఉంది. నా మట్టుకు ఈ చర్చకంతటికీ ఆయువుపట్టు ‘అత్ర’ అనే ఆ చిన్న మాటే. చావకపోవడం జీవుడి స్వభావం. చావు తనది కాదని బతికుండగానే తెలుసుకోవడం అమృతత్వం.

తులసికోట:
కోరికలతోపాటు మనిషి కూడా కరిగిపోతే ఆ అమృతత్వాన్ని అనుభవించేదెవరు? జీవుడూ బ్రహ్మమూ ఒకటేననే శంకరుల అద్వైతం ఒక్కటే వేదాంతమన్నట్టు మాట్లాడడం నాకు సమ్మతం కాదు. రామానుజుల సిద్ధాంతంలో ముక్తుడు తానుగానే ఉండి, వైకుంఠంలో నిత్యసూరులతో, అంటే ఎప్పుడూ బంధంలో పడనివారితో, కలిసి భగవంతుడికి కైంకర్యం (సేవ) చేస్తాడు. మధ్వమతంలోనైతే ముక్తుల ఆనందంలో కూడా తారతమ్యం ఉంటుంది.

దీపస్తంభం:
మీ ప్రశ్న న్యాయమైనదే, బృహదారణ్యకంలో మైత్రేయి తడబడింది కూడా అక్కడే. ఏ సంపద వల్ల అమృతత్వం రాదో అది నాకెందుకని భర్త యాజ్ఞవల్క్యుణ్ణే నిలదీసిన ఆమె, మరణించాక ‘సంజ్ఞ’, అంటే ఎరుక, ఉండదని ఆయన అనగానే, ఇక్కడే నన్ను మోహంలో పడేశారని అంది. రెండోది ఉన్నట్టు తోచినప్పుడే ఒకరు మరొకరిని చూడడం, వినడం ఉంటుందని ఆయన జవాబు. ఆ జవాబును మీ ఆచార్యులూ మా ఆచార్యులూ వేర్వేరుగా వ్యాఖ్యానించారు, నిజమే; నాకు మాత్రం అక్కడ పోయేది వేరన్న భావనే గానీ చైతన్యం కాదనిపిస్తుంది.

తాటాకు:
రావిగట్టు గారి అసలు ప్రశ్న పక్కకు పోకూడదు. వసువులు, రుద్రులు, ఆదిత్యులు శ్రాద్ధదేవతలనీ, శ్రాద్ధంతో తృప్తి పొందిన వారు మనుషుల పితరులను తృప్తిపరుస్తారనీ యాజ్ఞవల్క్యస్మృతి చెబుతోంది. దీన్నిబట్టి మీ నాన్నగారు వసువుగా మారిపోయారని అనుకోనక్కరలేదు. ఆయన జీవుడు ఏ లోకంలో, ఏ జన్మలో ఉన్నా మీరు వదిలిన నీళ్లను అక్కడికి చేర్చే పని వసువులది.

రావిగట్టు:
కృతజ్ఞుణ్ణండి. వసురూపం అన్నప్పుడల్లా నాన్నగారు నాకు అందనంత ఎత్తుకు వెళ్లిపోయినట్టు అనిపించి, ఆ మాట దగ్గర గొంతు పట్టేసేది. వచ్చే అమావాస్యకు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి నీళ్లు జారుతున్నప్పుడు, అవి అందుకునేవారు ఒకరు, చేరవలసినవారు మరొకరు అని తలుచుకుంటాను.