మూడు నెలలైనా నోరు విప్పడు, ఇంగ్లీషులో పాఠం ఎలా చెప్పాలి?

కొత్త టీచర్:
ఆరో తరగతికి సైన్స్ చెబుతున్నాను, అంతా ఇంగ్లీషులోనే. ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లలు ఇద్దరున్నారు. ఒకడు చేరి మూడు నెలలైంది, క్లాసులో ఒక్క మాట లేదు, "అర్థమైందా?" అంటే మాత్రం తల ఊపుతాడు. ఇంకో పాప ఆటల్లో ఇంగ్లీషు గలగలా మాట్లాడేస్తుంది, తీరా జవాబు రాయమంటే రెండు ముక్కలు రాసి పెన్ను పక్కన పెట్టేస్తుంది. వాడికి సబ్జెక్టే రాదా, ఈ పిల్ల బద్ధకిస్తోందా? 40 మంది ఉన్న క్లాసులో వీళ్లిద్దరికి విడిగా పాఠం తయారు చేసే టైమ్ నాకు లేదు, ముందే చెప్పేస్తున్నా.

పాత చాక్‌పీస్:
బద్ధకం అనుకోకండి. కబుర్ల ఇంగ్లీషు వేరు, పాఠాల ఇంగ్లీషు వేరు. కెనడాలో పనిచేసిన భాషా పరిశోధకుడు జిమ్ కమిన్స్ 1979లోనే ఈ రెండిటినీ విడదీసి చూపించాడు, మొదటిది రెండేళ్లలో వచ్చేస్తుంది, రెండోదాంట్లో తోటివాళ్లను అందుకోవడానికి 5 నుంచి 7 ఏళ్లు పట్టొచ్చు అంటాడు. ఆటలో అయితే చెయ్యి చూపిస్తే పని జరిగిపోతుంది, "నీరు ఎందుకు ఆవిరవుతుందో వివరించండి" అంటే చెయ్యి ఎటు చూపిస్తుంది పాపం? "నీరు ఆవిరవుతుంది, ఎందుకంటే..." అని సగం వాక్యం ఇంగ్లీషులో బోర్డు మీద రాసేయండి, మిగతాది తను పూర్తి చేస్తుంది. అది క్లాసు మొత్తానికీ పనికొస్తుంది కాబట్టి మీకు అదనపు పని ఉండదు. కొన్ని వారాలయ్యాక ఆ సగం కూడా తీసేయాలి, లేదంటే అదే అలవాటైపోతుంది.

లెక్కల మాస్టారు:
ఒకసారి 8కీ 5కీ మధ్య డిఫరెన్స్ ఏమిటని ఇంగ్లీషులో అడిగితే ఒక పిల్లాడు "8 సరి సంఖ్య, 5 బేసి సంఖ్య" అని రాశాడు. నాకు కావాల్సింది తీసివేత, అంటే 3, తప్పు కొట్టేశాను. ఇంటికెళ్లాక వెలిగింది, అడిగింది తేడా, వాడు చెప్పిందీ తేడాయే కదా! టేబుల్, వాల్యూమ్, పవర్ కూడా ఇలాంటివే, బయట ఒక అర్థం, క్లాసులో ఇంకొకటి. ఫోటోసింథసిస్ లాంటి పెద్ద మాటల కన్నా ఇవే ఎక్కువ ముంచుతాయి, ఎందుకంటే పెద్ద మాట తెలియదని పిల్లాడికి తెలుసు, వీటిని మాత్రం తెలుసనుకునే కూర్చుంటాడు.

వెనక బెంచీ:
నా మాట ఎవరికీ నచ్చకపోవచ్చు గానీ, క్లాసులో ఇంటి భాష ఆపేయండి, గత్యంతరం లేకపోతే వాళ్లే మాట్లాడతారు.

పాత చాక్‌పీస్:
మాట్లాడరండీ, ఉన్న రెండు మాటలూ మానేస్తారు. ఆవిరి అంటే ఏమిటో తన భాషలో తెలిసినవాడు ఇంగ్లీషులో ఒక్క మాట నేర్చుకుంటే సరిపోతుంది, తెలియనివాడు మాటా విషయమూ రెండూ ఒకేసారి మోయాలి. అదే భాష వచ్చిన పిల్లాడు క్లాసులో ఉంటే పక్కన కూర్చోబెట్టండి, అయితే రోజంతా వాడి చేత అనువాదం చేయించకండి, వాడికీ చదువుంది.

ఇక ఆ మాట్లాడని పిల్లాడి గురించి. కొత్త భాషలో చాలామంది పిల్లలు నెలల తరబడి వింటూనే ఉంటారు, అందులో కంగారు పడాల్సింది లేదు. "అర్థమైందా" అని అడగడం మానేయండి, దానికి ఎవరైనా తలే ఊపుతారు. బొమ్మలో చూపించమనండి, వరసలో పెట్టమనండి. ప్రశ్న వేశాక కాస్త ఆగండి కూడా. టీచర్లు సగటున ఒక సెకను మించి ఆగడం లేదని, 3 సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పెద్దవవుతాయని సైన్స్ బోధన మీద పరిశోధన చేసిన అమెరికన్ మేరీ బడ్ రో 1970లలో గమనించింది. వీడు జవాబు ఆలోచించాలి, ఆపైన దానికి ఇంగ్లీషు వెతుక్కోవాలి, నన్నడిగితే 10 సెకన్లు ఆగినా తప్పులేదు.

కొత్త టీచర్:
ఇవాళ నీటి చక్రం బొమ్మ వేయమన్నాను. బాణాలన్నీ కరెక్ట్! పక్కన వాడి భాషలో ఏదో రాశాడు, నాకు చదవడం రాదు. మార్కులు వెయ్యొచ్చా?

లెక్కల మాస్టారు:
సైన్స్ మార్కులు పూర్తిగా వేసేయండి, ఇంగ్లీషుకి వేరే పేపర్ ఎలాగూ ఉంది. రాసిందేమిటో వాడి చేతే చదివించుకోండి, మీకు అర్థం కాకపోయినా సరే.