సూపర్‌మార్కెట్ క్యాష్‌బ్యాక్ కార్డు ఇంటికొచ్చేసింది. ఉంచుకోవాలా, వద్దా?

మడివాళ నెల్లూరమ్మాయి:
బెంగళూరు తెలుగువాళ్ళందరికీ నమస్కారం. రెండు వారాల కిందట నెల సామాన్లకి వెళ్తే, బిల్లు కౌంటర్ పక్కన బల్ల వేసుకున్న అబ్బాయి పట్టుకున్నాడు. మన తెలుగబ్బాయే, చిత్తూరట. "అక్కా, మా దుకాణం క్రెడిట్ కార్డు తీసుకోండి, ప్రతి బిల్లు మీద 5 శాతం వెనక్కి వస్తుంది, ఊరికే" అన్నాడు. మనవాడు కదా అన్న మొహమాటంతో పాన్ నంబరు, ఆధార్ ఓటీపీ ఇచ్చేశాను. పది రోజుల్లో కార్డు ఇంటికొచ్చింది. ఇంకా యాక్టివేట్ చేయలేదు.

కవరులో ఉన్న చిన్న అక్షరాల కాగితం చదివితే ఏడాది ఫీజు 499 అని, నెలకి 250 రూపాయల వరకే క్యాష్‌బ్యాక్ అని ఉంది. ఆ అబ్బాయి ఈ రెండూ చెప్పనే లేదు. మా ఆయనేమో "5 శాతం ఎవడిస్తాడు, ఉంచు" అంటారు. మా అత్తగారు ఆ కవరు వైపు చూడటం కూడా లేదు. ఆ దుకాణంలో మాకు నెలకి ఓ పదిహేను వేలు అవుతుంది. నా దగ్గర ఇప్పటికే అమెజాన్ పే ఐసీఐసీఐ కార్డు ఒకటి ఉంది. ఏం చేయమంటారు?

పీజీ పులిహోర, మారతహళ్ళి:
అక్కా, కళ్ళు మూసుకుని ఉంచేసుకోండి. 15 వేలకి 5 శాతం అంటే నెలకి 750. ఏడాదికి 9 వేలు! మా పీజీలో రెండు నెలల భోజనం ఖర్చు.

వైట్‌ఫీల్డ్ వలసపక్షి:
తమ్ముడూ, కళ్ళు తెరిచి ఇంకోసారి చదువు. నెలకి 250 వరకే అని ఆమె రాశారు. 5 శాతం లెక్కన 5,000 సామాన్లకే ఆ 250 నిండిపోతుంది. ఆ పైన పది వేలు కొన్నా, పాతిక వేలు కొన్నా వచ్చేది సున్నా.

అమ్మా, నేను ఒక బ్యాంకు కార్డుల విభాగంలో ఆరేళ్ళు ఫిర్యాదులు చూశాను కాబట్టి కాస్త విడమరిచి చెప్తాను. ముందు ఒక మాట. కంగారు పడి యాక్టివేట్ చేయకండి, కంగారు పడి పారేయకండి కూడా. మీకు టైముంది. ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం, కార్డు ఇచ్చిన 30 రోజుల దాకా మీరు యాక్టివేట్ చేయకపోతే బ్యాంకు మీ సమ్మతి కోసం ఓటీపీ పంపాలి. మీరు ఒప్పుకోకపోతే ఏడు పనిదినాల్లో, మీ దగ్గర పైసా తీసుకోకుండా ఖాతా మూసేయాలి. యాక్టివేట్ చేయని కార్డు వివరాలను సిబిల్ లాంటి, మన అప్పుల చరిత్ర రాసిపెట్టి స్కోరు ఇచ్చే సంస్థలకి పంపకూడదని కూడా అందులోనే ఉంది. మీరు దరఖాస్తు పెట్టినప్పుడు మీ స్కోరు చూసిన ఎంక్వైరీ మాత్రం నమోదై ఉంటుంది, దాన్ని తుడవలేం. అదొక్కటీ పెద్ద దెబ్బేమీ కాదు లెండి.

ఇప్పుడు లెక్క. "ఓ పదిహేను వేలు" అన్న మాట నేను నమ్మను, ఏమనుకోకండి. ఎవర్ని అడిగినా గుండ్రటి అంకే చెప్తారు. గత మూడు నెలల బిల్లులు తీసి, ఆ దుకాణంలో కొన్నది మాత్రమే కూడి పెట్టండి. మీ ఐసీఐసీఐ కార్డుకి ఏటా ఫీజేమీ లేదు, బయట దుకాణాల్లో గీకితే 1 శాతం ఎలాగూ వస్తోంది. కాబట్టి కొత్త కార్డు తెచ్చేది 5 శాతం కాదు, మహా అయితే 4. అబ్బాయి చెప్పని 499 మీద జీఎస్టీ 18 శాతం కలిపితే 589. ముందు అది తీరాలి, ఆ తర్వాతే లాభం.

మల్లేశ్వరం మాస్టారు:
లెక్క సరే. నా అనుభవం కూడా వినండి. నాలుగేళ్ళ కిందట ఇలాంటి కార్డే ఒకటి తీసుకున్నాను, పేరు వద్దు. ఒక నెల 32,000 బిల్లు వచ్చింది. పెన్షన్ పడటం ఆలస్యమై "మినిమం డ్యూ", అంటే కనీసం కట్టాల్సిన మొత్తం, 1,600 కట్టి, బాధ్యత తీరిందనుకుని నిద్రపోయాను. మిగిలిన 30,400 మీద నెలకి 3.75 శాతం వడ్డీ, అంటే 1,140. ఆ వడ్డీ మీద జీఎస్టీ మరో 205. అది కూడా సరిపెట్టుకునేవాణ్ణి. కానీ పాత బాకీ ఉన్నన్నాళ్ళూ కొత్తగా కొన్న వాటికి వడ్డీ లేని గడువు ఉండదట. తర్వాతి నెల కొన్న పాల పాకెట్టుకి కూడా కొన్న రోజు నుంచే వడ్డీ. నలభై ఏళ్ళు పిల్లలకి చక్రవడ్డీ చెప్పినవాణ్ణి, నాకే తెలియలేదు!

వైట్‌ఫీల్డ్ వలసపక్షి:
మాస్టారూ, మీ ఒక్కరికే కాదు, నా దగ్గరికొచ్చిన ఫిర్యాదుల్లో సగం ఇవే. నెలకి 3.75 అంటే ఏడాదికి 45 శాతం. వడ్డీ 30 శాతం దాటకూడదని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ చెప్పింది. ఆ తీర్పును 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. కాబట్టి దీనికి పైకప్పు లేదనే అనుకోవాలి.

పులిహోర, నువ్వు అడగబోయేది నాకు తెలుసు. బ్యాంకుకి ఇందులో ఏం గిడుతుంది అని. మీరు గీకినప్పుడల్లా దుకాణం నుంచి దానికి కాస్త కమీషన్ వస్తుంది. దుకాణం తన వంతుగా క్యాష్‌బ్యాక్‌లో కొంత భరిస్తుంది, మీరు వేరే చోటికి పోకుండా ఉండటానికి. అసలు రాబడి మాత్రం మాస్టారి లాంటి నెలల మీదే.

మడివాళ నెల్లూరమ్మాయి:
బిల్లులు తీశాను. నాకే నవ్వొచ్చింది. సంక్రాంతి నెల 9,240. ఫిబ్రవరి 4,310. ఉగాది నెల 7,950. మూడు నెలలకి మొత్తం 21,500. పదిహేను వేలని ఎందుకనుకున్నానో ఇప్పుడర్థమైంది. సోనా మసూరి బియ్యం, గుంటూరు కారం, ఊరగాయలు మారతహళ్ళి ఆంధ్రా దుకాణంలో. కూరలు మడివాళ మార్కెట్‌లో, పళ్ళు హాప్‌కామ్స్‌లో, పాలు నందిని బూత్‌లో. అన్నీ ఫోన్ పే, గూగుల్ పే. అన్నిటినీ కలిపి "సామాన్లు" అని ఒకే మూట కట్టేశాను.

పీజీ పులిహోర:
అయితే ఆ కార్డునే యూపీఐకి కలిపేయండి అక్కా! కూరల బండి దగ్గర కూడా క్యాష్‌బ్యాక్.

వైట్‌ఫీల్డ్ వలసపక్షి:
కార్డు మీద రూపే (వీసా లాంటిదే, మన దేశపు కార్డు నెట్‌వర్క్) అని ఉంటేనే. క్రెడిట్ కార్డుని యూపీఐకి కలపడానికి 2022 జూన్‌లో ఆర్‌బీఐ దారి తెరిచింది, మొదట రూపేకి. ఆ కార్డు మీద ఏముందమ్మా?

మడివాళ నెల్లూరమ్మాయి:
వీసా అని ఉందండి.

వైట్‌ఫీల్డ్ వలసపక్షి:
అయితే కుదరదు. రూపే ఉన్నా కూరల బండి దగ్గర అనుమానమే. క్రెడిట్ కార్డుతో చేసే యూపీఐ వ్యాపారి ఖాతాకే వెళ్తుంది. బండి అమ్మాయి తన సొంత నంబరు క్యూఆర్ పెట్టుకుంటే పోదు. పైగా 5 శాతం ఆ దుకాణంలోనే కదా, మిగతా చోట ఎంతో ఆ కాగితంలో ఉంటుంది, చూడండి.

సరే, మీ అంకెలతో వేస్తాను. సంక్రాంతి నెల 9,240 మీద 5 శాతం 462 అవ్వాలి, కానీ గీత 250 దగ్గర ఆగుతుంది. ఫిబ్రవరి 215. ఉగాది నెల మళ్ళీ 250. మూడు నెలలకి 715, ఏడాదికి దాదాపు 2,860. ఇందులోంచి ఫీజు 589 తీసేయండి. ఉన్న కార్డుతోనే కొని ఉంటే ఏడాదికి 860 వచ్చేది, అదీ తీసేయండి. మిగిలేది 1,411. నెలకి 118 రూపాయలు. ఇద్దరు ఆంధ్రా మెస్‌లో ఒకసారి తింటే ఇంతకన్నా ఎక్కువే అవుతుంది.

అదీ అన్నీ సవ్యంగా జరిగితే. మాస్టారికి జరిగినట్టు ఒక్క నెల జరిగితే 1,345 పోయింది. అంటే ఏడాది పొడుగునా జాగ్రత్తగా కూడబెట్టింది ఒక్క మరుపుతో చెల్లు.

ఇంకొకటి చూడాలి. వచ్చే 250 ఏ రూపంలో వస్తుందని రాశారు?

మడివాళ నెల్లూరమ్మాయి:
"స్టోర్ పాయింట్లు" అని ఉంది. 500 పోగయ్యాకే వాడాలట, అదీ అదే దుకాణంలో. ఏడాది దాటితే చెల్లవట.

వైట్‌ఫీల్డ్ వలసపక్షి:
మరి దాన్ని క్యాష్‌బ్యాక్ అని ఎలా రాశారో! పేరులో క్యాష్ ఉన్నంత మాత్రాన చేతికి డబ్బు రాదు. ఫ్లిప్‌కార్ట్ యాక్సిస్ కార్డులో అయితే బిల్లులోనే తగ్గిస్తారు, అది అసలైన డబ్బు. మీ దగ్గరున్న అమెజాన్ కార్డులో అమెజాన్ పే బ్యాలెన్సుగా వస్తుంది, ప్రైమ్ ఉంటే అమెజాన్ కొనుగోళ్ళ మీద 5 శాతం, లేకుంటే 3. టాటా న్యూ హెచ్‌డీఎఫ్‌సీ కార్డులో న్యూకాయిన్లు, ఒకటి ఒక రూపాయి, బిగ్‌బాస్కెట్, క్రోమా లాంటి వాళ్ళ సంస్థల్లో వాడుకోవాలి. మా అక్క డాలస్‌లో కాస్ట్‌కో కార్డు వాడుతుంది. అక్కడ ఏడాదంతా పోగైంది ఫిబ్రవరి బిల్లుతో ఒక్కసారి సర్టిఫికెట్‌గా వస్తుంది, దాన్ని కాస్ట్‌కోలోనే మార్చుకోవాలి. ఆవిడ దాంతో ప్రతి ఏడూ అవసరం లేనిది ఏదో ఒకటి కొంటుంది, అది వేరే కథ.

పాయింట్లు అక్కడే ఖర్చు పెట్టాలంటే ధరలు కూడా చూసుకోవాలి. ఉదాహరణకి కందిపప్పు కిలో అక్కడ 168, మారతహళ్ళిలో 158 అనుకోండి. 5 శాతం పోను 159 రూపాయల 60 పైసలు. ఇంకా రూపాయిన్నర ఎక్కువే పెడుతున్నారు, పైగా లాభం వచ్చిందన్న తృప్తి ఒకటి.

మల్లేశ్వరం మాస్టారు:
బాబూ, నాదొక చిన్న సందేహం. ఆ దుకాణం వాళ్ళు నేను ఈ కార్డుతో ఎక్కడెక్కడ ఏం కొంటున్నానో చూస్తారా?

వైట్‌ఫీల్డ్ వలసపక్షి:
చూడకూడదు మాస్టారూ. కార్డు మీద దుకాణం బొమ్మ పెద్దదిగా ఉన్నా ఇచ్చింది బ్యాంకే. కార్డు లావాదేవీల వివరాలు భాగస్వామి సంస్థకి అందకూడదని ఆ ఆర్‌బీఐ నిబంధనల్లోనే ఉంది. వాళ్ళ దుకాణంలో మీరు కొన్నది వాళ్ళ బిల్లులో ఎలాగూ ఉంటుంది, అంతే. ఫిర్యాదు ఏదున్నా బ్యాంకుకే పెట్టాలి. కౌంటర్ దగ్గర అడిగితే ఎవరూ జవాబు చెప్పరు.

మడివాళ నెల్లూరమ్మాయి:
మా ఆయనకి ఈ లెక్కంతా చూపించాను. "నెలకి 118 కూడా డబ్బే కదా" అంటున్నారు. టీవీ కొనాలని కూడా అనుకుంటున్నాం, ఆ దుకాణం వాళ్ళదే ఎలక్ట్రానిక్స్ విభాగం ఉంది. నో కాస్ట్ ఈఎంఐ (వడ్డీ లేదని చెప్పే నెలవారీ వాయిదాలు) పెట్టి దాని మీద 5 శాతం కూడా తీసుకోవచ్చని ఆయన ప్లాను.

వైట్‌ఫీల్డ్ వలసపక్షి:
బావగారికి చెప్పండి, సాధారణంగా ఈఎంఐకి మార్చిన కొనుగోలు మీద క్యాష్‌బ్యాక్ ఇవ్వరు. ఆ కాగితంలో "వర్తించనివి" అన్న చోట వెతకండి. పెట్రోలు, ఇంటద్దె, వాలెట్‌లో డబ్బు వేయడం, బంగారం, ఈఎంఐ, వీటిలో చాలా వరకు అక్కడే ఉంటాయి. నో కాస్ట్ అన్నదాంట్లో కూడా వడ్డీ భాగం మీద జీఎస్టీ మీరే కడతారు, ప్రాసెసింగ్ ఫీజు వేరే. ఈఎంఐ అయినా కాకపోయినా గీత 250 దగ్గరే. 40 వేల టీవీకి వచ్చేది అంతే.

నన్నడిగితే నేనైతే ఉంచుకోను. ఫీజు లేకుండా, బిల్లులోనే డబ్బు తగ్గించే కార్డయితే ఉంచుకోమనేవాణ్ణి. ఆయన పట్టు పడితే మాత్రం, మొత్తం బాకీ ఆటోమేటిక్‌గా బ్యాంకు ఖాతాలోంచి పోయేట్టు పెట్టాకే వాడమనండి. "మినిమం" అన్న ఆప్షన్ ఎంచుకోకూడదు. అక్కడ రెండూ పక్కపక్కనే ఉంటాయి.

మడివాళ నెల్లూరమ్మాయి:
నెల తర్వాత వచ్చి రాస్తున్నాను. మొన్న ఓటీపీ వచ్చింది, ఇవ్వలేదు. అంతకు ముందు ఫోన్ చేసి మొదటి ఏడాది ఫీజు మాఫీ చేస్తామన్నారు. రెండో ఏడాది సంగతేమిటి, మెయిల్‌లో రాసిస్తారా అని అడిగితే "మేడమ్, సిస్టమ్‌లో చూసి చెప్తాం" అని పెట్టేశారు. మళ్ళీ చేయలేదు. ఇవాళ ఖాతా మూసినట్టు మెయిల్ వచ్చింది. కార్డు చిప్ మీదుగా నాలుగు ముక్కలు చేశాను. ఆ చిత్తూరబ్బాయి నిన్న కూడా అక్కడే ఉన్నాడు, "అక్కా, యాక్టివేట్ చేశారా?" అన్నాడు. లేదని చెప్పలేక నవ్వి వచ్చేశాను.

పీజీ పులిహోర:
అన్నా, నాదీ ఒక సందేహం. ఇవన్నీ చదివాక నా రెండో కార్డు స్టేట్‌మెంట్ తెరిచాను. మార్చిలో ఏడాది ఫీజు 1,180 పట్టేశారు. ఆ కార్డుతో ఏడాదిలో వచ్చింది 640. ఇది వాడుతున్న కార్డే, యాక్టివేట్ అయింది. ఎలా మూయించాలి?

వైట్‌ఫీల్డ్ వలసపక్షి:
ముందు మిగిలిన పాయింట్లు వాడెయ్, మూశాక రావు. ఆ కార్డు మీద ఓటీటీలు, రీఛార్జీలు ఏవైనా నెలనెలా పోయేట్టు పెట్టావేమో చూసి వేరే కార్డుకి మార్చు. బాకీ పైసాతో సహా కట్టు, పది రూపాయలు మిగిలినా వాళ్ళకి అదొక సాకు. ఆ తర్వాత యాప్‌లోనో మెయిల్‌లోనో మూయమని రాసి, రిక్వెస్ట్ నంబరు దాచుకో. బాకీ లేకపోతే ఏడు పనిదినాల్లో మూయాలి. దాటితే రోజుకి 500 చొప్పున నీకే ఇవ్వాలి. బ్యాంకుకి ఫిర్యాదు పెట్టాక 30 రోజులైనా జవాబు లేకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లో పెట్టు, ఖర్చేమీ లేదు. ఫోన్‌లో మాత్రం "ఇంకో ఆఫర్ ఉంది సార్" అని అరగంట తింటారు. మెయిలే మేలు.

పీజీ పులిహోర:
రాశానన్నా. నంబరు స్క్రీన్‌షాట్ తీసి పెట్టా.