స్పృహ లేని ప్రతి తలగాయం రోగికీ ఐసీపీ (పుర్రె లోపలి ఒత్తిడి) మానిటర్ పెట్టాల్సిందేనా?

అనస్థీషియా_పీజీ:
మా ఐసీయూలో మళ్లీ అదే వాదన. తలకు దెబ్బ తగిలి జీసీఎస్ (స్పృహ ఎంతుందో చెప్పే స్కోరు) 8 లోపు ఉండి, సీటీలో మెదడు కమిలినట్టు కనిపిస్తే ఒక సర్ పుర్రెలో ఒత్తిడి కొలిచే బోల్ట్ పెట్టందే ఊరుకోరు. ఇంకో సర్ "2012 ట్రయల్ చదివావా?" అంటారు. చదవనివాళ్ల కోసం: బొలీవియా, ఈక్వడార్‌లలో 324 మంది రోగులు. సగం మందికి ఐసీపీ అంకె చూస్తూ, మిగతా సగానికి సీటీ, కనుపాపలు, రోగి కదలికలు చూస్తూ వైద్యం చేశారు. ఆరు నెలలకు మరణాలు 39 శాతం, 41 శాతం. తేడాయే లేనప్పుడు పుర్రెకు చిల్లు ఎందుకు? నేను రెండో సర్ వైపే.

కపాలమోక్షం (న్యూరోసర్జరీ):
మీ రెండో సర్ ఆ పేపర్‌ని తలకిందులుగా పట్టుకున్నారు. మానిటర్ లేని గుంపును గాలికి వదిలేశారనుకున్నారా? సీటీలో వాపు కనిపిస్తే ఒత్తిడి పెరిగిందనే లెక్కవేసి మందులు మొదలుపెట్టారు. స్కాన్లు ఎప్పుడు తీయాలో, పరీక్ష ఎలా చేయాలో ముందే రాసిపెట్టుకున్నారు. రెండు క్రమశిక్షణ గల పద్ధతులు పోటీపడ్డాయి, సమానంగా నిలిచాయి. పైగా మెదడు కోసం ప్రత్యేక వైద్యం ఇచ్చిన రోజులు మానిటర్ గుంపులో 3.4, రెండోదాంట్లో 4.8. నా దృష్టిలో అంకె కనిపించనివాళ్లు అనుమానంతోనే ఎక్కువ మందు పోశారు. మెదడు వాపు దించే మానిటాల్ మంచినీళ్లు కాదు కదా, కిడ్నీల సంగతేంటి?

చివరి_బెంచీ:
అంకె అంకె అంటున్నారు, ఏ అంకె సర్? మొన్నటిదాకా ఒత్తిడి 20 (ఎంఎం హెచ్‌జీ) దాటితే ప్రమాదం. 2016 గైడ్‌లైన్‌లో అది 22 అయింది. 21 ఉన్న రోగి రాత్రికి రాత్రే బాగుపడిపోయాడా? 2011 ట్రయల్‌లో 20 దాటి పావుగంట ఉంటే చాలు, పుర్రె ఎముక తీసేశారు. ఒత్తిడి దిగింది, రోగుల పరిస్థితి మాత్రం ఇంకా అధ్వానమైంది. 2016లో ఇంకోటి: 25 దాటి మందులకు లొంగనివాళ్లకే ఎముక తీశారు. మరణాలు 48.9 నుంచి 26.9 శాతానికి పడ్డాయి. కానీ కళ్లు తెరిచినా లోకం తెలియకుండా మిగిలిపోయినవాళ్లు పెరిగారు. తెరమీద అంకె దించినంత మాత్రాన మనిషి లేచి కూర్చోడు.

తమ్ముడు:
నేను డాక్టర్ని కాదండీ. మా అన్నయ్యకి ఈ వైరు పెట్టారు. తొమ్మిది రోజులు ఆ తెరనే చూశాం. 19 అయితే ప్రాణం లేచొచ్చేది, 23 అయితే టెన్షన్. ఒకసారి దగ్గితే 35 చూపించింది, మా వదిన అక్కడే కూలబడిపోయింది. ఆ అంకెకు అర్థం ఏంటో ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు.

కపాలమోక్షం (న్యూరోసర్జరీ):
తమ్ముడు గారూ, చెప్పకపోవడం మావాళ్ల తప్పే. పెద్దవాళ్ల పుర్రె సాగని డబ్బా. లోపల మెదడు, రక్తం, మెదడు నీరు. ఒకటి పెరిగితే ఇంకోటి చోటివ్వాలి. మన్రో, కెల్లీ అనే స్కాట్లాండ్ వైద్యులు ఇది చెప్పి 200 ఏళ్లు దాటింది. మొదట కొంత నీరు, సిరల్లోని రక్తం బయటికి జారుకుంటాయి కాబట్టి అంకె పెద్దగా కదలదు. ఆ చోటు అయిపోయాక కాస్త వాపు పెరిగినా అంకె ఎగబాకుతుంది. సగటు బీపీ 80, లోపల ఒత్తిడి 25 అనుకోండి, మెదడులోకి రక్తాన్ని నెట్టే బలం 55 మాత్రమే. అది 60 నుంచి 70 ఉండాలని చూస్తాం. దగ్గినప్పుడు 35కి వెళ్లి వెంటనే దిగిపోతే భయం లేదు. దిగకుండా అక్కడే ఉంటేనే మేం పరుగెత్తేది.

నైట్‌డ్యూటీ_సిస్టర్:
సార్లందరికీ ఒక మాట. ట్రయల్ సంగతి నాకు తెలియదు, తెల్లవారుజామున మూడింటికి ఏం జరుగుతుందో తెలుసు. వెంట్రికిల్లో (మెదడు లోపల నీరుండే గదిలో) డ్రెయిన్ గొట్టం ఉన్న రోగికి ట్రాన్స్‌డ్యూసర్, అంటే ఒత్తిడి కొలిచే పరికరం, చెవి రంధ్రం ఎత్తులో ఉండాలి. ఎవరో మంచం తలవైపు పైకి లేపుతారు, ట్రాన్స్‌డ్యూసర్ ఉన్నచోటే ఉండిపోతుంది. పది సెంటీమీటర్లు కింద ఉంటే అంకె ఏడు ఎక్కువ చూపిస్తుంది. 18 కాస్తా 25! కొత్త డాక్టర్ గారు మానిటాల్ రాసేస్తారు. మొన్న ఒక రోగికి నిజంగానే 26 ఉంది. చూస్తే మెడ పక్కకి వాలి ఉంది, మెడ పట్టీ బిగుతుగా ఉంది. మెడ నిటారుగా పెట్టి పట్టీ వదులు చేశాను, పది నిమిషాల్లో 17. బోల్ట్‌కి ఈ ఎత్తు గొడవ లేదు గానీ రోజులు గడిచేకొద్దీ దాని అంకె కొంచెం కొంచెం జరుగుతుంది, పైగా దాంతో నీరు తీయలేం. డ్రెయిన్‌తో తీయొచ్చు, ఇన్ఫెక్షన్ భయం. మానిటర్ పెట్టండి, వద్దనను. చూసే మనిషిని కూడా పెట్టండి.

చివరి_బెంచీ:
ఈ పోస్టుకి నా ఓటు. నేను అడుగుతున్నదీ అదే, మనుషులు లేనిచోట మానిటర్ ఎందుకని.

కపాలమోక్షం (న్యూరోసర్జరీ):
మనుషులు లేనిచోట గంటగంటకీ కనుపాపలు చూసేదెవరండీ? మానిటర్ లేని పద్ధతికే ఎక్కువమంది కావాలి. పైగా మత్తులో వెంటిలేటర్ మీద ఉన్న రోగిలో పరీక్షకి దొరికేది చాలా తక్కువ. కనుపాప పెద్దదయ్యేసరికి చాలాసార్లు మెదడు కిందికి జారడం మొదలైపోతుంది. అందుకే పరీక్షకు చిక్కని రోగికి నేను బోల్ట్ పెడతాను. ఒకటిరెండు రోజుల్లో మత్తు ఆపి చూడగలం అనిపిస్తే ఆగుతాను.

అనస్థీషియా_పీజీ:
సరే సర్, సగం మారాను. ఇప్పుడున్న రోగికి ఐదో రోజు, నిన్నటి నుంచి 15 దాటలేదు. మానిటర్ తీసేయొచ్చా?

నైట్‌డ్యూటీ_సిస్టర్:
మత్తు తగ్గించి చూశారా డాక్టర్ గారూ?

అనస్థీషియా_పీజీ:
ఇంకా లేదు సిస్టర్. రేపు పొద్దున.