రోహిణి కార్తెలో మధ్యాహ్నం టైర్ల గాలి తీయడం సరైన పనేనా?

ప్రశ్న: గుంటూరు నుంచి, ఒక లారీ యజమాని

అందరికీ నమస్కారం. నాకు 12 టైర్ల లారీ ఒకటి ఉంది. గుంటూరు కోల్డ్ స్టోరేజీల నుంచి మిర్చి టిక్కీలు (బస్తాలు) ఎత్తుకొని హైదరాబాదు మీదుగా నాగపూర్ వెళ్లి, అక్కడ దొరికిన లోడుతో తిరిగి వస్తుంది. ఇరవై రోజుల వ్యవధిలో వెనుక ఇరుసుల్లో లోపలి టైర్లు రెండు పేలిపోయాయి, రెండూ మధ్యాహ్నం రెండు, మూడు గంటల నడుమే. రెండోది సూర్యాపేట దాటాక పేలినప్పుడు ఊడిన రబ్బరు ముక్క మడ్‌గార్డును చీల్చి, బ్రేకు గాలి పైపును కూడా తెంపింది. డ్రైవరు, క్లీనరు క్షేమంగా బయటపడ్డారు, అంతే చాలు.

ఎండకు గాలి ఉబ్బుతుంది కాబట్టి భోజనానికి ఆగిన చోట ప్రతి టైరు నుంచీ పది పౌండ్ల గాలి తీసేయాలని మా డ్రైవరు అంటాడు. ఇరవై ఏళ్లుగా స్టీరింగు పట్టిన మనిషి మాటను నేను తేలికగా తోసిపుచ్చలేను. అయితే టైరు కంపెనీ ఇచ్చిన పట్టికలో గాలి ఎప్పుడూ టైరు చల్లగా ఉన్నప్పుడే సరిచూడాలని ఉంది. ఈ రెండింటిలో ఏది పాటించాలి? మృగశిర వస్తే వానలు మొదలవుతాయి కాబట్టి, ఈలోగా ఏమేం చూపించుకోవాలో కూడా దయచేసి తెలియజేయండి.

సమాధానం 1: విజయవాడ ఆటోనగర్ నుంచి, టైర్ల పని చేసే వ్యక్తి

వేడి టైరు నుంచి గాలి తీయకండి. ఉదయం 30 డిగ్రీల దగ్గర 110 పౌండ్లు పట్టించిన టైరులో గాలి 70 డిగ్రీలకు చేరితే గేజీ సుమారు 126 చూపిస్తుంది. ఆ పెరుగుదలను తట్టుకునేలాగే టైరును తయారు చేస్తారు. మీరు పది పౌండ్లు తీసేస్తే బరువు కింద టైరు పక్కగోడ ఇంకా ఎక్కువగా వంగుతుంది, చక్రం తిరిగిన ప్రతిసారీ వంగి లేచే ఆ రబ్బరులో వేడి ఇంకా పెరుగుతుంది, అంటే వేడికి మందు అనుకున్నదే వేడిని పెంచుతుంది. మర్నాడు తెల్లవారేసరికి టైరు చల్లబడి, ఉండవలసిన దానికంటే తక్కువ గాలితోనే బండి బయలుదేరుతుంది.

పేలినవి రెండూ లోపలి టైర్లే అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. వెనుక ఇరుసుకు ఒక్కో పక్క రెండేసి టైర్లు జోడుగా ఉంటాయి; ఆ జోడులో లోపలి టైరు కంటికి కనబడదు, దాని వాల్వు చేతికి అందదు, పక్కనే బ్రేకు డ్రమ్ము వేడి ఉంటుంది. క్లీనర్లు రాడ్డుతో కొట్టి శబ్దం విని సరిపెట్టుకుంటారు, కానీ పూర్తిగా దిగిపోయిన టైరును మాత్రమే ఆ శబ్దం పట్టిస్తుంది; ఇరవై పౌండ్ల లోటును చెవి పట్టలేదు. లోపలిది మెత్తబడితే జోడు బరువు ఎక్కువగా బయటి టైరు మీద పడుతుంది, లోపలిది నలిగి నలిగి చివరికి పేలుతుంది. పగిలిన టైరును ఇంకా పారేయకపోతే లోపల చేయి పెట్టి చూడండి: నల్లని రబ్బరు పొడి చేతికంటితే, పక్కగోడ చుట్టూ చేతి గాజులాంటి గుండ్రని చార కనిపిస్తే, అది గాలి తక్కువతో చాలా దూరం తిరిగిన టైరు. లోపలి టైర్లకు వాల్వు ఎక్స్‌టెన్షన్లు (వాల్వు చేతికి అందేలా పొడిగించే గొట్టాలు) పెట్టించి, బండి బయలుదేరే ముందు గేజీతోనే చూడమనండి.

సమాధానం 2: 26 ఏళ్లుగా లారీ నడుపుతున్న డ్రైవరు

పై సోదరుడి మాట నిజమే. నేనూ మొదటి పదేళ్లు గాలి తీసినవాడినే. ఒక మాట కలుపుతాను. ఆగిన ప్రతి చోటా హబ్బుల (చక్రాల మధ్య భాగాల) దగ్గర అరచేయి పెట్టి, తాకకుండానే సెగ చూడండి. మిగతా వాటికంటే ఒక్కటే సెగ కొడుతుంటే ఆ చక్రానికి బ్రేకు పట్టేస్తోందనో, బేరింగు పోతోందనో అర్థం. టైరు పేలడానికి అదీ ఒక కారణమే. సెగ తగ్గించాలని డ్రమ్ముల మీద నీళ్లు మాత్రం గుమ్మరించకండి, ఎర్రగా కాలిన ఇనుము చన్నీళ్లకు బీటలు వారుతుంది.

మిర్చి లోడుకు ఇంకో చిక్కు ఉంది. టిక్కీల దుమ్ము, దారిలో గడ్డి నలుసులు రేడియేటరు రెక్కల్లో ఇరుక్కుని, కూలెంటు నిండుగా ఉన్నా ఇంజను కాగుతుంది. రేడియేటరును లోపలి నుంచి బయటికి గాలి కొట్టించి శుభ్రం చేయాలి. ఇంజను కాగినప్పుడు మూత విప్పకూడదన్న సంగతి తెలిసినా తొందరలో విప్పి ముఖం కాల్చుకున్నవారిని చూశాను. వీలైతే తెల్లవారుజామున మూడింటికే బయలుదేరి, పన్నెండు నుంచి నాలుగు వరకు చెట్టు కింద ఆపండి.

సమాధానం 3: విజయవాడ నుంచి, ఒక లారీ యజమాని

వానల గురించి నా అనుభవం చెబుతాను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా బండి సింగ్ నగర్ వైపు నీటిలో చిక్కింది. వరద తీసిన వెంటనే సెల్ఫు కొట్టకపోవడం (ఇంజను స్టార్టు చేయకపోవడం) వల్లనే ఇంజను దక్కింది. గాలి గొట్టం ద్వారా నీరు సిలిండర్లలోకి చేరి ఉండగా సెల్ఫు కొడితే, నొక్కినా నీరు కుంచించుకుపోదు కాబట్టి పిస్టన్లను తిప్పే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. హౌసింగు ఆయిలు (వెనుక ఇరుసు లోపలి గేర్ల నూనె) మాత్రం మజ్జిగలా తెల్లబడింది. పరుగెత్తి వేడెక్కిన ఇరుసు ఒక్కసారిగా నీటిలో దిగితే లోపలి గాలి ముడుచుకుని బ్రీదరు (ఇరుసుకు గాలి ఆడే చిన్న రంధ్రం) నుంచి నీటిని పీల్చుకుంటుంది. కాబట్టి ఇరుసులు మునిగేంత నీటిలో దిగిన బండికి హబ్బు గ్రీజు, హౌసింగు ఆయిలు తప్పక చూపించండి.

వానలకు ముందు వైపర్లు, లైట్ల వైరింగు, టార్పాలిన్ చిరుగులు ఎలాగూ చూస్తారు. బ్రేకులకు గాలి నిల్వ చేసే ట్యాంకుల్లో చేరే నీటిని మాత్రం చాలామంది మరిచిపోతారు. తేమ ఎక్కువైన రోజుల్లో అది బాగా చేరుతుంది, కాబట్టి రోజూ డ్రెయిన్ చేయించి, ఆ గాలిలో తేమ తీసే ఎయిర్ డ్రైయర్ ఫిల్టరు గడువు దాటి ఉంటే మార్పించండి.

ప్రశ్న అడిగినవారి స్పందన

అందరికీ కృతజ్ఞతలు. రెండో టైరు పంచరు షాపులోనే ఉంది. లోపల చేయి పెడితే మసిలాంటి పొడి అంటింది, చార కూడా స్పష్టంగా ఉంది. ఈ ఉదయం బండి చల్లగా ఉండగా వెనుక ఇరుసుల నాలుగు జోళ్లకూ గేజీ పెట్టించాను. బయటి టైర్లన్నీ 108 నుంచి 112 మధ్య ఉంటే, లోపలి వాటిలో ఒకటి 84, ఒకటి 91 చూపించాయి. మా డ్రైవరు గేజీని తానే రెండుసార్లు పెట్టి చూసి, ఎక్స్‌టెన్షన్లు ఈ రోజే వేయించమన్నాడు.