నాన్నగారి యానాం పెట్రోలు లెక్క

ప్రశ్న (కాకినాడ నుంచి ఒక కూతురు)

మా నాన్నగారికి 69 ఏళ్లు. సహకార సంఘంలో గుమస్తాగా పనిచేసి రిటైరయ్యారు. నెలకు రెండు ఆదివారాలు పొద్దున్నే బండి తీసి యానాం వెళ్తారు. ట్యాంకు నింపించుకొని ఎండెక్కేసరికి తిరిగి వస్తారు. ఇక్కడ లీటరు పెట్రోలు సుమారు 109 రూపాయలు, అక్కడ 97. యానాం పుదుచ్చేరి కిందికి వస్తుంది కనుక పన్ను తక్కువ. మన దగ్గర వ్యాట్ 31 శాతం, దాని మీద లీటరుకు 4 రూపాయలు, రోడ్ల సెస్సు మరో రూపాయి.

ఆయన దగ్గర ఒక పాత డైరీ ఉంది. తేదీ, బండి రీడింగు, పోయించిన లీటర్లు, చివరి గడిలో ఎర్ర సిరాతో ‘మిగులు’. మొన్న తీసి చూశాను. ఈమధ్య పేజీల్లో వరుసగా 96, 96, 84, 96.

వెళ్లి రావడానికి 60 కిలోమీటర్లు. బండి లీటరుకు 60 ఇస్తుంది. ఎనిమిది లీటర్లు పోయిస్తే ఒక లీటరు దారికే సరి. 776 రూపాయలు పెడితే వాడకానికి మిగిలేది ఏడు లీటర్లు. అవే ఏడు లీటర్లు మా వీధి చివరి బంకులో 763. అంటే ప్రతిసారీ 13 రూపాయలు ఎదురు పెట్టుకుంటున్నారు.

216 జాతీయ రహదారిలో లారీల మధ్య ఆయన వెళ్తుంటే ఇంటికి చేరేదాకా నాకు మనసు మనసులో ఉండదు. పైసా పైసా కూడబెట్టి మమ్మల్ని చదివించిన మనిషి. ఆ డైరీ తప్పని ఆయనకు ఎలా చెప్పను?

జవాబు (తాళ్ళరేవు, చేపల వ్యాపారం)

అమ్మా, మీ లెక్క సరైనదే. కానీ అందరికీ అదే లెక్క కాదు. నేను రోజూ యానాం మార్కెట్లో చేపలు కొని చుట్టుపక్కల ఊళ్లలో అమ్ముతాను. పెట్రోలు ఉన్నా లేకపోయినా అక్కడికి వెళ్లక తప్పదు. రోజుకు రెండు లీటర్లు, 24 రూపాయల తేడా. నెలకు 25 రోజులైతే 600. మా ఇంట్లో వంటగ్యాసు ఖర్చు చాలావరకు అందులోనే గడిచిపోతుంది. ఆ డబ్బు నాకు చిన్నది కాదు.

క్యానులో తెచ్చుకొమ్మని ఎవరైనా సలహా ఇస్తే మాత్రం నాన్నగారిని విననివ్వకండి. ఎదుర్లంక వంతెన మీద ఒకాయన బండి వెనక ప్లాస్టిక్ క్యాను మూత ఊడి పెట్రోలు సైలెన్సరు మీదికి కారడం నేను కళ్లారా చూశాను.

జవాబు (బంకులో పదకొండేళ్లు పనిచేశాను)

ఊళ్లోనే చవక బంకు కోసం తిరిగేవాళ్లకూ ఒక మాట. మూడు ప్రభుత్వ కంపెనీల బంకుల మధ్య తేడా పైసల్లోనే ఉంటుంది. 2017 జూన్ 16 నుంచి రోజూ ఉదయం ఆరింటికి ధర సవరించే పద్ధతి ఉంది, కంపెనీలన్నీ దాదాపు ఒకే బాటలో నడుస్తాయి.

పోయేది కొలతలో. మీటరు సున్నా చూడకుండా గన్ను పెట్టనివ్వకండి. ప్రతి బంకులో తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న అయిదు లీటర్ల పాత్ర ఉంటుంది. అనుమానం వస్తే అడగండి, మీ ఎదుటే పట్టి చూపించాలి. నా సర్వీసులో అలా అడిగినవాళ్లు పట్టుమని పదిమంది లేరు. టైర్లలో గాలి కూడా చూపించుకోండి, ఉచితమే. గాలి తగ్గితే మైలేజీ పడిపోతుంది.

జవాబు (అమలాపురం, లెక్కల టీచరు)

తప్పని చెప్పకండమ్మా. ఇంకో గడి కావాలని చెప్పండి. లెక్క రాసుకునే మనిషి లెక్కను కాదనరు.

మళ్లీ ప్రశ్న అడిగిన కూతురు

టీచరుగారూ, మీరన్నట్టే చేశాను. నిన్న రాత్రి భోజనాలయ్యాక డైరీ ముందు పెట్టి, “దారి ఖర్చుకు గడి లేదేం నాన్నా?” అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత కళ్లద్దాలు తెమ్మని, స్కేలు పెట్టి కొత్త గీత గీశారు. 2025 జనవరిలో పుదుచ్చేరి పన్ను పెంచకముందు నాలుగైదు రూపాయలు మిగిలేవని, ఆ తర్వాతే నష్టమని ఆయనే తేల్చారు.

ఇకమీదట అమలాపురంలో మా అత్తయ్యను చూడడానికి వెళ్లినప్పుడే పోయించుకుంటారట. యానాం ఎలాగూ దారిలోదే. ఇవాళ పొద్దున్న లేచేసరికి వెనక పేజీలన్నిటికీ గీతలు గీస్తూ కూర్చున్నారు. 2022 దాకా వచ్చారు. ఎర్ర సిరా రీఫిల్ తెమ్మన్నారు.