మనీ ప్లాంట్ వేసి ఫిల్టర్ తీసేశాను, చేపలు పైకొచ్చి గుటకలు వేస్తున్నాయి

సింగ్‌నగర్, విజయవాడ నుంచి:
మాది రెండడుగుల తొట్టి, 50 లీటర్లు పడుతుంది. నాలుగు గోల్డ్‌ఫిష్‌లున్నాయి. ఫిల్టర్‌ను నడిపే గాలి పంపు మోతకు మా అత్తగారికి నిద్ర పట్టడం లేదు. మనీ ప్లాంట్ ఉంటే ఫిల్టర్ అక్కర్లేదని ఎవరో అంటే, ఆదివారం ఐదు కొమ్మలు కోసి నీళ్లలో వేశాను. ఫిల్టర్ కడిగి ఎండబెట్టేశాను. ఇవాళ బుధవారం, నీళ్లు బియ్యం కడిగినట్టున్నాయి. ఇంకో నాలుగు కొమ్మలు వేయమంటారా?

పటమట నుంచి:
కొమ్మల సంగతి తర్వాతండీ. ముందు ఫిల్టర్ పెట్టేయండి, ఇప్పుడే. మూడో వంతు నీళ్లు తీసి కొత్తవి పోయండి, కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోగొట్టే చుక్కలు వేశాకే. రెండు రోజులు మేత బంద్. గోల్డ్‌ఫిష్‌కు ఏమీ కాదు.

ఫిల్టర్‌లోని స్పాంజికి జిగటగా పట్టి ఉంటుందే, అసలు పని చేసే బ్యాక్టీరియా అందులోనే ఉంటుంది. చేపలు వదిలే అమ్మోనియాను అది నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ చేపలకు విషం. మీ స్పాంజి ఎండింది కాబట్టి ఇది కొత్త తొట్టి కిందే లెక్క. కుదురుకోవడానికి నెల పైనే పట్టొచ్చు. అప్పటిదాకా రోజు విడిచి రోజు పావు వంతు నీళ్లు మార్చండి. తెలిసినవాళ్ల పాత తొట్టి నుంచి మురికి స్పాంజి ముక్క దొరికితే మీ అదృష్టం. ఇకమీద స్పాంజిని తొట్టి నీళ్లలోనే పిండండి.

వేళ్లు పట్టాక మనీ ప్లాంట్ నైట్రేట్‌ను, కాస్త అమ్మోనియాను లాగుతుంది. వేళ్లే లేని కొమ్మ ఏం లాగుతుంది చెప్పండి? పైగా ఆకులు గాల్లో ఉంటాయి, నీళ్లకు ఆక్సిజన్ ఇవ్వవు. మన ఎండలకు నీళ్లు వేడెక్కితే ఉన్న ఆక్సిజన్ కూడా తగ్గుతుంది.

మోతకైతే పంపు కింద పాత రబ్బరు చెప్పు ముక్క పెట్టండి. పంపు మాత్రం నీటి మట్టం కన్నా ఎత్తులో ఉండాలి. లేకపోతే కరెంటు పోయినప్పుడు గొట్టంలోంచి నీళ్లు వెనక్కి వస్తాయి.

బ్రాడీపేట, గుంటూరు నుంచి:
మా తొట్టిలో మూడేళ్లుగా మనీ ప్లాంట్ ఉంది, ఫిల్టరూ ఉంది. వారానికోసారి మార్చే నీళ్లు ఇప్పుడు పది రోజులకు మారుస్తున్నా, పాచీ తగ్గింది. అంతే, అంతకు మించి ఆశించొద్దు.

కొమ్మను కణుపు కింద కోయాలి. కణుపు దగ్గర గోధుమరంగు బుడిపె కనిపిస్తుంది, వేరు పుట్టేది అక్కడే. రెండు మూడు వారాలు గాజు గ్లాసులో ఉంచి, వేళ్లొచ్చాక తొట్టికి మార్చండి. వేళ్లు మాత్రమే మునగాలి. ఆకు మునిగితే కుళ్లి, అదే అమ్మోనియా అవుతుంది. గోల్డ్‌ఫిష్‌లు వేళ్లు కొరుకుతాయి, నేను చిల్లులు పొడిచిన ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి అంచుకు తగిలించా.

సింగ్‌నగర్ నుంచి:
రెండాకులు అప్పుడే పసుపెక్కి జారిపోతున్నాయి, తీసేశాను. మా అబ్బాయి రైవస్ కాలువ నుంచి గుర్రపుడెక్క తెస్తానంటున్నాడు, వేయనా?

పటమట నుంచి:
వద్దమ్మా! దాని వేళ్లలో నత్తలూ పురుగులూ ఉంటాయి, కాలువ మురుగు సరేసరి.

సింగ్‌నగర్ నుంచి (శనివారం):
ఎదురింటివాళ్లు స్పాంజి ముక్క ఇచ్చారు. చేపలు కిందికి దిగాయి, నీళ్లింకా కాస్త మసగ్గానే ఉన్నాయి. కొమ్మలు గ్లాసులోకి మార్చాను. చెప్పు ముక్క బాగా పనిచేసింది. రాత్రి అత్తగారు లేపి, పంపు ఆగిపోయిందేమో చూడమన్నారు.